సుధ కొంగర మనవారే, సరే... బొమ్మి మాటేమిటి?



సుధ కొంగర పేరెత్తితే చాలు, "మన చెన్నై తెలుగమ్మాయే" అంటాం. సంతోషమే. కానీ ఆవిడ గొప్పంతా నటుల చేత చేయించిన పనిలో ఉంది.

'ఇరుది సుట్రు' నాయికగా నిజంగా కిక్‌బాక్సింగ్ చేసే రితికా సింగ్‌ను తెచ్చారు. 2017లో తెలుగు 'గురు'లోనూ ఆ అమ్మాయే. 'సూరరై పోట్రు'లో బొమ్మి పెళ్ళికొడుకును చూడడానికి తానే వెళ్తుంది, బేకరీ తానే నడుపుతుంది. అపర్ణ బాలమురళి ఎక్కడా అణకువ నటించలేదు. సూర్యతో పాటు ఆమెకూ జాతీయ అవార్డు వచ్చింది.

బొమ్మికి చప్పట్లు కొట్టాం. మరి మన సంఘంలో ఆడవాళ్ళకు ముగ్గులపోటీ, ప్రార్థనాగీతమేనా? ఈసారి కోశాధికారి పదవికి ఒక ఆడపడుచు పేరు ప్రతిపాదిద్దాం. ఏమంటారు?