మీథేన్ లీకేజీ: కాగితం మీద తక్కువ.. గాల్లో ఎక్కువ! లెక్క ఎక్కడ తప్పుతోంది?

ఇంట్లో సిలిండర్ లీకైతే వాసనతో వెంటనే తెలిసిపోతుంది. ఆ వాసన కావాలని కలిపిందే. కానీ ఆయిల్, గ్యాస్ బావుల దగ్గర లీకయ్యే మీథేన్‌కు రంగు లేదు, వాసన లేదు. మరి అది ఎంత పోతోందో తెలిసేదెలా?

చాలా దేశాల్లో ఈ లెక్క ఇప్పటికీ కాగితం మీదే నడుస్తోంది. బావులు, వాల్వులు, కంప్రెసర్లు ఎన్ని ఉన్నాయో చూస్తారు. ఒక్కోదాని నుంచి సగటున ఇంత లీకవుతుందని గుణించేస్తారు. అంతే! పాడైన వాల్వు, మూత సరిగా పడని ట్యాంకు, ఆరిపోయిన ఫ్లేర్ మాత్రం ఈ సగటుకు దొరకవు. అసలు సమస్య అక్కడే ఉంది. కొన్ని చోట్ల జరిగే పెద్ద లీకేజీలే మొత్తం లెక్కను మార్చేస్తాయి.

కొలిస్తే ఏం తేలింది?

అమెరికాలో సైంటిస్టులు నేరుగా కొలిచి, 2018లో 'సైన్స్' జర్నల్‌లో ఫలితాలు ప్రకటించారు. 2015లో ఆయిల్, గ్యాస్ రంగం నుంచి లీకైన మీథేన్ సుమారు 1.3 కోట్ల టన్నులు. ప్రభుత్వ లెక్క కంటే ఇది దాదాపు 60 శాతం ఎక్కువ!

ఫ్లేర్ల సంగతీ అంతే. మండిస్తే 98 శాతం మీథేన్ కాలిపోతుందనేది పాత అంచనా. విమానాలతో కొలిచి చూస్తే 91 శాతమేనని 2022లో తేలింది. అంటే గాల్లో కలిసేది 2 శాతం కాదు, 9 శాతం. నాలుగు రెట్లకు పైనే.

ఎందుకంత ముఖ్యం?

20 ఏళ్ల లెక్కన చూస్తే కార్బన్ డయాక్సైడ్ కంటే మీథేన్ 80 రెట్లకు పైగా వేడి పెంచుతుంది. 2020తో పోలిస్తే 2030 నాటికి దీన్ని 30 శాతం తగ్గిస్తామని 2021 గ్లాస్గో సదస్సులో చాలా దేశాలు మాటిచ్చాయి. భారత్ అందులో చేరలేదు. అయితే మొదటి లెక్కే తప్పైతే, తగ్గించామని చెప్పినా నమ్మేదెలా?

శాటిలైట్లున్నా మబ్బులు, సముద్రం అడ్డొస్తాయి. 2024లో ప్రయోగించిన మీథేన్‌శాట్‌తో 2025 జూన్‌లోనే సంబంధాలు తెగిపోయాయి. అందుకే బావుల దగ్గర నేరుగా కొలవడం తప్పనిసరి.

1995లో కోనసీమలోని పాశర్లపూడి బ్లోఅవుట్ మంటలు 65 రోజులు ఎగసిపడ్డాయి. ఆ మంట ఊరందరికీ కనిపించింది. మంట లేకుండా పోయే గ్యాస్ మాత్రం కొలిచేవాళ్లకే కనిపిస్తుంది.