పండని కణాలు

విజయపురి సౌత్ నుంచి ఏడవ తరగతి చదివే అమ్మాయి ఒకతె మాకు ఉత్తరం రాసింది. వాళ్ల తరగతిలో ఒక పిల్ల నెలరోజులుగా నీరసించి, పాలిపోయి, మాటిమాటికీ జ్వరం వస్తూంటే గుంటూరు ఆసుపత్రికి తీసుకుపోయారట. డాక్టర్లు ఆమె తుంటి ఎముకలోంచి సూదితో మూలుగ తీసి, పరీక్షించి, ల్యుకీమియా అన్నారట. అప్పటినుంచి ఆ పిల్ల కూర్చునే బెంచీ మీద ఎవరూ కూర్చోవటం లేదట! "ఆ జబ్బు అంటుతుందా? నెత్తురు జబ్బుకు ఎముకతో ఏం పని?" అని అడిగింది.

అంటదమ్మా. ఆ బెంచీ మీద నీవు నిశ్చింతగా కూర్చో. నిజానికి భయపడవలసింది ఆ పిల్లే. చికిత్స జరిగే రోజులలో మీ జలుబూ దగ్గూ ఆమెకు అంటితే ప్రమాదం.

ఇక ఎముక సంగతి. మన నెత్తురులోని కణాలు తయారయేది ఎముకల లోపలి మూలుగలోనే. ఎర్రకణం ఒకటి బతికేది 120 రోజులు మాత్రమే గనక, పెద్దవాళ్ల మూలుగ రోజుకు సుమారు 20,000 కోట్ల కొత్త ఎర్రకణాలను తయారు చేస్తూ ఉండాలి. ఇన్నిటికీ విత్తనాలు మూలకణాలనేవి. అవి చాలా కొద్ది. అటువంటివి ఎలుకల మూలుగలో ఉన్నాయని 1961లో కెనడా శాస్త్రజ్ఞులు టిల్, మెకల్లక్ అనేవారు రుజువు చేశారు.

మీ సాగర్ కుడికాలువ కింద వరి పొలాలు చూసే ఉంటావు. నారు నాటాక పైరు ఏపుగా పెరుగుతుంది, పొట్టకు వస్తుంది, వెన్ను వేస్తుంది, గింజ గట్టిపడుతుంది. మూలకణం సంతతి కూడా ఇలాగే మెట్టుమెట్టుగా ఎదిగి, ఒకటి ఎర్రకణమూ, ఒకటి తెల్లకణమూ అవుతుంది. ల్యుకీమియాలో కొన్ని కణాలు నడిమధ్యలోనే ఆగిపోతాయి. పొట్టకు రావు, పిలకలు మాత్రం వేస్తూనే ఉంటాయి! చివరకు మడి అంతా అవే ఆక్రమిస్తాయి. మంచి కణాలకు చోటు ఉండదు. ఆ పిల్ల పాలిపోయింది అందుకే, ఎర్రకణాలు తగ్గాయి. జ్వరాలు వచ్చాయి, రోగక్రిములతో పోరాడగల తెల్లకణాలు తగ్గాయి.

విత్తనం ఒక్కటే చాలదు, మడి కూడా బాగుండాలి గదా? మూలుగలో నెత్తురు కణాల చుట్టూ వాటిని పోషించే కణాలు వేరే ఉన్నాయి. ఎప్పుడు ఎదగాలో, ఎప్పుడు ఆగాలో ఇవి రసాయనాల ద్వారా వాటికి తెలియజేస్తూంటాయి. 1969లో జపాను శాస్త్రజ్ఞుడు ఇచికావా, ఎలుకల ల్యుకీమియా కణాలను తీసి, వేరే కణాలు పెరిగిన ద్రవంలో ఉంచితే, ఎదుగుదల ఆగిన ఆ కణాలు మళ్లీ ఎదిగాయి! అయితే ఈ ఇరుగుపొరుగు ఎప్పుడూ మంచే చేయదు. మందు వేసినప్పుడు కొన్ని జబ్బు కణాలు ఈ పోషక కణాల చాటున దాక్కుని బతికిపోతాయి. చికిత్స అంతకాలం సాగటానికి ఇదీ ఒక కారణమే.

చెడ్డ కణాన్ని చంపకుండా పెద్దదాన్ని చేసి దారికి తేగలమా? ఒక రకం ల్యుకీమియాలో తేగలిగారు. చైనాలో షాంఘై వైద్యుడు వాంగ్ జెన్‌యీ బృందం విటమిన్ ఎ కుటుంబానికి చెందిన ఒక మందు ఇచ్చి 24 మంది రోగుల ఫలితాలను 1988లో ప్రకటించింది. కణాలు ఎదిగాయి, జబ్బు తగ్గింది. (కారట్లు తింటే తగ్గుతుందనుకునేరు, తగ్గదు!)

పిల్లలలో ఎక్కువగా వచ్చే రకానికి మందు కథ మాత్రం మన భీమవరంలో మొదలవుతుంది. 1895లో అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసులో వైద్యం చదివి, 1923లో అమెరికా వెళ్లారు. స్ప్రూ అనే జబ్బు ఆయన సోదరులను పొట్టన పెట్టుకుంది. ఆ జబ్బుకు పనికివచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని, లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం 1945లో కృత్రిమంగా తయారు చేసింది. అది లేకపోతే ఎర్రకణాలు సరిగా ఎదగవు. అందుచేత బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ఆ జాతి పదార్థాలనే ల్యుకీమియా పిల్లలకు ఇచ్చి చూశాడు. ఎదగవలసిన కణాలు ఎదగకపోగా, జబ్బు మరింత విజృంభించింది!

మరొకరైతే అంతటితో విరమించేవారే. ఫోలిక్ ఆమ్లం జబ్బు కణాలకు ఎరువు అవుతున్నదంటే, ఆ ఎరువును అందకుండా చేస్తే? సుబ్బారావుగారి బృందం ఫోలిక్ ఆమ్లాన్నే పోలి ఉండి, దాని పని చేయనివ్వని అమినోప్టెరిన్‌ను తయారు చేసి ఫార్బర్‌కు ఇచ్చింది. 16 మంది పిల్లలలో 10 మందికి గుణం కనిపించిందని 1948 జూన్‌లో ఆయన ప్రకటించాడు. ఆ గుణం కొద్ది నెలలే నిలిచింది గాని, అంతకు ముందు అదీ లేదు. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు చనిపోయారు. ఆయనకు 53 ఏళ్లు.

ఈనాడు మంచి వైద్యం సకాలంలో అందితే ఈ రకం వచ్చిన పిల్లలలో ఎక్కువమంది కోలుకుంటున్నారు. చికిత్స రెండు మూడేళ్లు సాగుతుంది. జుట్టు ఊడుతుంది, మళ్లీ వస్తుంది. నీ స్నేహితురాలి మందుల చీటీలో మెథోట్రెక్సేట్ అనే పేరు ఉన్నదేమో చూడమను. అమినోప్టెరిన్‌కు తోబుట్టువు అది, సుబ్బారావుగారి ప్రయోగశాలలో పుట్టినదే.