పట్టాలు తీసేసిన దారిలో సైకిల్ యాత్ర.. మన దగ్గర ఎందుకు సాధ్యం కావట్లేదు?

అమెరికా, న్యూజిలాండ్ లాంటి దేశాల్లో లారీలు, బస్సుల భయం లేకుండా రోజుల తరబడి సైకిల్ తొక్కుకుంటూ వెళ్లే దారులున్నాయి. ఒకప్పుడు రైళ్లు నడిచి, తర్వాత మూతపడిన లైన్లే అవి. వీటిని రైల్ ట్రెయిల్స్ అంటారు. అమెరికాలోని కేటీ ట్రెయిల్ దాదాపు 386 కిలోమీటర్లు, న్యూజిలాండ్‌లోని ఒటాగో ట్రెయిల్ 152 కిలోమీటర్లు ఉంటాయి. మరి అనకాపల్లి జిల్లా రావికమతం నుంచి ఒకరు రికంబెంట్ సైకిల్‌పై ఇలాంటి యాత్రకు బయలుదేరాలంటే దారేది?

రికంబెంట్‌కు ఈ దారులే ఎందుకు?

సీటులో వెనక్కి వాలి, కాళ్లు ముందుకు చాచి తొక్కే సైకిల్‌ను రికంబెంట్ అంటారు. నడుము, మెడ, మణికట్ల మీద భారం తక్కువ. మూడు చక్రాల రకమైతే బ్యాలెన్స్ కుదరని వాళ్లు కూడా నడపొచ్చు. కానీ ఎత్తు తక్కువ కాబట్టి లారీ డ్రైవర్‌కు సరిగా కనిపించదు. లేచి నిలబడి తొక్కే వీలుండదు కాబట్టి ఎత్తు ఎక్కడం కష్టం. ఈ రెండు ఇబ్బందులకూ రైలు దారే జవాబు. రైలు నిటారుగా ఎక్కలేదు కనుక ఆ దారిలో వాలు తక్కువ, మలుపులు మెల్లగా ఉంటాయి. వాహనాలు రావు.

మన దగ్గర ఎందుకు లేవు?

మూతపడిన లైన్ భూమి రైల్వే చేతుల్లోనే ఉంటుంది. మళ్లీ ఎప్పుడు అవసరం పడుతుందో చెప్పలేం. దీనికి మంచి ఉదాహరణ కాకినాడ - కోటిపల్లి లైన్. రెండో ప్రపంచ యుద్ధ అవసరాల కోసం 1940లో దీని పట్టాలు తీసేశారు. ఆరు దశాబ్దాల తర్వాత, లోక్‌సభ స్పీకర్‌గా పనిచేసిన జి.ఎం.సి. బాలయోగి చొరవతో పనులు ముందుకు కదిలాయి. 2004లో 45 కిలోమీటర్ల లైన్‌పై మళ్లీ రైలు నడిచింది. భూమిని వదులుకోకపోవడం మంచిదేనని దీన్నిబట్టి తెలుస్తోంది.

అయితే ఆ మధ్య కాలంలో ఆ దారి జనానికి ఎందుకు ఉపయోగపడకూడదన్నదే ప్రశ్న. దీనికి అమెరికా 1983లో చట్టం ద్వారా దారి చూపింది. వాడుకలో లేని లైన్‌ను సైకిల్ దారిగా మార్చుకోవచ్చు, రైలు మళ్లీ అవసరమైతే వెనక్కి ఇవ్వాలి. కేటీ ట్రెయిల్ అలా వచ్చిందే. మన రైల్వే చట్టంలో ఇలాంటి ఏర్పాటు లేదు. ఖాళీ భూములను వాణిజ్యానికి వాడుకునేందుకు మాత్రం 2005 సవరణతో ప్రత్యేక సంస్థకు వీలు కల్పించారు.

నంద్యాల - గిద్దలూరు మధ్య నల్లమలలో బ్రాడ్ గేజ్ వేసినప్పుడు పాత మీటర్ గేజ్ దారిలో కొంత భాగాన్ని వదిలేశారు. దొరబావి వంతెన ఆనవాళ్లు ఇప్పటికీ అడవిలో ఉన్నాయి. అలాగని సైకిల్ వేసుకుని వెళ్లిపోకూడదు. అది అటవీ ప్రాంతం. రైల్వే స్థలంలోకి అనుమతి లేకుండా వెళ్తే రైల్వే చట్టం సెక్షన్ 147 కింద ఆరు నెలల వరకు జైలు, రూ.1,000 వరకు జరిమానా లేదా రెండూ పడొచ్చు.

ఇప్పుడైతే ఎలా వెళ్లాలి?

ప్రస్తుతానికి మిగిలింది రైల్లో కొంత, పక్క రోడ్ల మీద కొంత వెళ్లడమే. రావికమతంలో రైల్వే స్టేషన్ లేదు. చోడవరం మీదుగా అనకాపల్లి లేదా విశాఖ చేరాలి. అక్కడి నుంచి కాకినాడ వెళ్లి, రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి వరకు తొక్కొచ్చు. డెల్టా నేల కాబట్టి దారంతా చదునే. బయలుదేరే ముందు ఇవి చూసుకోండి:

- 100×60×25 సెంటీమీటర్లు దాటిన సామాను బోగీలోకి అనుమతించరు. రికంబెంట్ పొడవు అంతకంటే చాలా ఎక్కువ. పార్శిల్ ఆఫీసులో బుక్ చేసి బ్రేక్ వ్యాన్‌లో పంపాల్సిందే.
- రైలు బయలుదేరడానికి కనీసం అరగంట ముందు సైకిల్‌ను అప్పగించాలి. ఇంకా ముందు వెళ్తే మేలు.
- రెండు నిమిషాలే ఆగే స్టేషన్‌లో ఎక్కించడం, దించడం కష్టం. విశాఖ నుంచి బయలుదేరే రైలైతే ఎక్కించడానికి సమయం దొరుకుతుంది. దిగే స్టేషన్‌లో పార్శిల్ సౌకర్యం ఉందో లేదో ముందే అడగండి.
- రోడ్డు మీద పొడవాటి కర్రకు జెండా, వెనుక ఎర్ర లైటు తప్పనిసరిగా పెట్టుకోండి. హైవేకు దూరంగా ఉండండి. చీకటి పడ్డాక తొక్కొద్దు.

ఏం మారాలి?

సైకిల్ కోసం ప్రత్యేక దారి వేయడం మన ప్రభుత్వాలకు చేతకానిదేమీ కాదు. హైదరాబాద్ ఓఆర్ఆర్ పక్కన సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల ట్రాక్‌ను 2023 అక్టోబర్‌లో ప్రారంభించారు. కానీ అది నగరం అంచున తొక్కడానికే, ఊరి నుంచి ఊరికి తీసుకెళ్లదు. ఊళ్లను కలిపే దారి కావాలంటే కొత్తగా భూసేకరణ అక్కర్లేని చోట్ల మొదలుపెట్టాలి. రైల్వే వాడని పాత లైన్లు అలాంటివే. హక్కు రైల్వేదే, వాడుక మాత్రం తాత్కాలికంగా జనానిది అనే ఒక్క నిబంధన వస్తే కోటిపల్లి లాంటి లైన్ తిరిగి రావడానికీ అడ్డుండదు, అప్పటిదాకా ఆ నేల ముళ్లకంపల పాలూ కాదు.