టాడా పోయింది, అలవాటు పోలేదు

రాజకీయ తగవుకు 'దేశభద్రత' అని పేరు పెడితే ఏమవుతుందో తెలుసుకోవడానికి మనం దూరదేశాలు వెతకనక్కరలేదు. టాడా చట్టం కథ చాలు.

1980లలో పంజాబ్‌లో నదీజలాల వాటా, చండీగఢ్ ఎవరిదన్న వివాదం, రాష్ట్రాల అధికారాలు... ఇవన్నీ కూర్చుని మాట్లాడుకోవలసిన విషయాలు. తుపాకీ పట్టి అమాయకులను చంపినవారూ ఉన్నారు, కాదనం. కానీ 1985లో వచ్చిన టాడా ఈ రెంటికీ మధ్య గీత చెరిపేసింది. పోలీసు అధికారి ముందు ఒప్పుకున్న నేరమే కోర్టులో సాక్ష్యమైంది. బెయిలు గగనమైంది. ఛార్జిషీటు లేకుండా ఏడాది వరకు జైల్లో ఉంచే వీలు కలిగింది.

పంజాబ్ కోసమన్న చట్టం పంజాబ్‌లో ఆగిందా? గుజరాత్‌లో పంజాబ్ లాంటి తీవ్రవాదమేదీ లేదు. అయినా అక్కడ 19 వేలమందికి పైగా అరెస్టయ్యారు. 1994 నడిమికి దేశమంతటా ఆ సంఖ్య 76 వేలు దాటింది. శిక్షపడినవారు నూటికి ఇద్దరైనా లేరు. మిగిలినవారి ఇళ్ళలో పొయ్యి ఎలా వెలిగిందో, ఎందరు ఆడపిల్లల నిఖా ఆగిపోయిందో ఏ లెక్కల్లోనూ కనబడదు.

1995 ఫిబ్రవరిలో జాతీయ మానవహక్కుల కమిషన్ అధ్యక్షులు జస్టిస్ రంగనాథ్ మిశ్రా, దీన్ని పొడిగించవద్దని ఎంపీలందరికీ లేఖ రాశారు. ఆ మే నెలలో గడువు ముగిసింది. పాత కేసులు మాత్రం సాగుతూనే వచ్చాయి. 2002లో పోటా వచ్చి 2004లో పోయింది. దాని నిబంధనలు చాలావరకు ఊపా చట్టంలోకి చేరాయి.

మనవాళ్ళకు అన్యాయం జరిగిందన్నది సగం మాటే. అనుమానం ఉన్న బస్తీలో నలుగురిని పట్టుకొస్తే పని అయిపోయిందనుకునే పోలీసు, సాక్ష్యం కోసం తిరగడు. పోలీసంటే వణికే మొహల్లాలో కళ్ళారా చూసినవాడు కూడా నోరు విప్పడు. భద్రత పేరుతో చేసిన పనే భద్రతకు చేటైంది.

2007 మే 18న జుమా రోజు హైదరాబాద్ మక్కా మసీదులో బాంబు పేలింది. అనుమానంతో పట్టుకెళ్ళిన పాతబస్తీ కుర్రాళ్ళు ఎందరో తర్వాత నిర్దోషులుగా బయటికొచ్చారు. ఆపైన దర్యాప్తు మరో దారి పట్టింది. ఆ దారిలో విచారణకు నిలబెట్టిన ఐదుగురినీ 2018 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు విడుదల చేసింది. నమాజుకని వెళ్ళి తిరిగిరాని వారి తల్లులు, బాంబు పెట్టిందెవరని ఇప్పుడు ఎవరిని అడగాలి?