30 రోజుల చట్టం, 11 రోజుల డిస్కు

ఖమ్మం జిల్లా కల్లూరు సెంటర్‌లో దుకాణాల ముందు నిలబడి తలెత్తితే సీసీ కెమెరాలు కనిపిస్తాయి. అవి చూసినదంతా దాచే డీవీఆర్ పెట్టె మాత్రం ఎవరి కంటా పడదు. ఏ కౌంటర్ కిందో దుమ్ములో, వేడిలో, కరెంటు పోయినప్పుడల్లా ఆరిపోతూ బతుకుతుంది. భద్రాచలం అడవుల వైపు నుంచి హైదరాబాద్‌కు గంజాయి తరలిపోయే దారులున్న ప్రాంతమిది. పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్లు పగలగొట్టి రాగి తీగ ఎత్తుకుపోయే దొంగల బెడద ఇక్కడి రైతుకు కొత్త కాదు. నేరం జరిగిన నాడు అందరూ పరుగెత్తేది ఆ పెట్టె దగ్గరికే. ‘వీడియో లేదండీ, చెరిగిపోయింది’ అన్న జవాబు వస్తే కేసుకు సగం ప్రాణం అక్కడే పోతుంది. ఈ జవాబును మన యంత్రాంగం తలరాతలా ఒప్పుకొంటోంది. ఇది తలరాత కాదు, నిర్లక్ష్యం. దానికి బాధ్యులున్నారు.

ముందు చట్టం సంగతి చూద్దాం. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలాయి. ఆ ఏడాదే ఉమ్మడి రాష్ట్రంలో ప్రజా భద్రత చర్యల అమలు చట్టం వచ్చింది. ఒకేసారి 100 మంది గానీ, రోజుకు 500 మంది గానీ వచ్చిపోయే సంస్థలు కెమెరాలు పెట్టాలని, 30 రోజుల ఫుటేజీ దాచాలని, అవి పనిచేస్తున్నట్టు ఆరు నెలలకోసారి పోలీసులకు తెలపాలని అందులో రాశారు. ఇప్పుడు లెక్క వేయండి. రెండు మెగాపిక్సెళ్ల కెమెరా సెకనుకు రెండు మెగాబిట్ల చొప్పున రికార్డు చేస్తే రోజుకు 21 జీబీకి పైగా నిండుతుంది. నాలుగు కెమెరాలకు 86 జీబీ. ఒక టీబీ డిస్కు 11 రోజుల్లో నిండిపోతుంది. ఆ తర్వాత పాత దృశ్యాల మీదే కొత్తవి ఎక్కుతాయి. వీడియోను మరింత కుదించి సగం చోటులో ఇమిడ్చినా 23 రోజులకు మించి రాదు. ఈ లెక్క కొనేవారికి చెప్పవలసిన బాధ్యత ఎవరిది? ‘కెమెరా పెట్టావా’ అని అడిగే అధికారి ‘డిస్కు ఎన్ని రోజులు దాస్తుంది’ అని కూడా అడిగి ఉంటే ఎన్ని కేసులు నిలిచేవో!

చెరిగినదంతా పోయినట్టు కాదు. డీవీఆర్‌ను ఫార్మాట్ చేసినప్పుడు సాధారణంగా పోయేది ఏ దృశ్యం ఎక్కడుందో చెప్పే పట్టిక మాత్రమే. దృశ్యాలు డిస్కు మీద అలాగే పడి ఉంటాయి. వాటిని ఏరి వరుసలో పేర్చే విద్య ఫోరెన్సిక్ నిపుణులకు తెలుసు. కానీ కొత్త దృశ్యం ఎక్కిన చోట పాతది ఏ ల్యాబ్‌కూ దొరకదు. అందుకే నేరం తెలిసిన మొదటి గంట నుంచే జాగ్రత్త మొదలవ్వాలి. డీవీఆర్ గడియారం అసలు సమయానికి ఎంత తేడాగా నడుస్తోందో రాసుకోవాలి. రికార్డింగ్ ఆపాలి. డిస్కు తీసి సీలు వేయాలి. జరుగుతున్నదేమిటి? దర్యాప్తుకు వచ్చినవారు మానిటర్ మీద కదులుతున్న బొమ్మను సెల్‌ఫోన్‌తో తీసుకుని వెళ్లిపోతున్నారు. పెట్టె మాత్రం అలాగే తిరుగుతూ తన సాక్ష్యాన్ని తానే తుడిచేసుకుంటుంది. లేదంటే ఊళ్లో కెమెరాలు బిగించే కుర్రాణ్ని పిలిచి, అసలు డిస్కు మీదే రికవరీ సాఫ్ట్‌వేర్ నడిపిస్తున్నారు. చాలా డీవీఆర్‌లు తమ సొంత పద్ధతిలో రాసుకుంటాయి. ఆ డిస్కును మామూలు కంప్యూటర్‌కు తగిలిస్తే ‘ఫార్మాట్ చేయమంటారా’ అని అడుగుతుంది. అక్కడ తెలియక నొక్కే ఒక్క మీట చాలు.

ఎలాగో ఫుటేజీ దొరికినా కోర్టు గడప దాటాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ రెండు భాగాల ధ్రువపత్రం అడుగుతోంది. ఒకటి పరికరాన్ని చూసుకునేవారిది, రెండోది నిపుణుడిది. ఫైలులో మార్పు జరగలేదని చూపే హాష్ విలువ అందులో ఉండాలి. కల్లూరు నుంచి హైదరాబాద్ రెడ్ హిల్స్‌లోని ఫోరెన్సిక్ ల్యాబ్‌కు 200 కిలోమీటర్లకు పైగా దూరం. చట్టాన్ని మార్చినవారు ఆ నిపుణుణ్ని మండలానికి దగ్గరగా తేవాలన్న సంగతి మరచారు.

పౌరుణ్ని కెమెరా పెట్టమని చెప్పే పోలీసు శాఖ తన ఇంటిని ఎలా ఉంచుకుంది? ప్రతి పోలీసు స్టేషన్‌లో కెమెరాలు ఉండాలని, ఫుటేజీ 18 నెలలు, ఎట్టి పరిస్థితుల్లోనూ ఏడాదికి తగ్గకుండా దాచాలని, వాటి బాగోగులకు స్టేషన్ అధికారే బాధ్యుడని సుప్రీంకోర్టు 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో ఆదేశించింది. ఏడు నెలలు తిరక్కుండానే, 2021 జూన్‌లో, ఖమ్మం జిల్లాకు చెందిన ఒక దళిత మహిళ యాదాద్రి భువనగిరి జిల్లాలోని అడ్డగూడూరు స్టేషన్ అదుపులో ప్రాణం విడిచింది. నిజం తేల్చడానికి పూడ్చిన శవాన్ని వెలికితీయించి మళ్లీ పోస్టుమార్టం చేయించమని హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. స్టేషన్ గోడల మధ్య జరిగిన దానికి మట్టిని తవ్వి సాక్ష్యం వెతకాల్సిన గతి ఏ కుటుంబానికీ పట్టకూడదు. స్టేషన్లలో కెమెరాలు పనిచేయకపోవడంపై 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు మళ్లీ తనంతట తానే విచారణ చేపట్టిందంటే, అయిదేళ్ల కిందటి ఆదేశానికి దక్కిన గౌరవం ఏపాటిదో తెలుస్తుంది.

ఇంకా పైమెట్టులో జరిగిన దానికి సాక్షి మూసీ నది. అసెంబ్లీ ఎన్నికల ఫలితాలు వచ్చిన మర్నాడు, 2023 డిసెంబరు 4న, పోలీసు నిఘా విభాగమైన స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరో (ఎస్‌ఐబీ) కార్యాలయంలో సీసీ కెమెరాలు ఆపేసి హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారన్నది రాష్ట్ర పోలీసులే మోపిన అభియోగం. ముక్కల కోసం నదిలో వెతికారు. నేరం రుజువవుతుందా లేదా అన్నది కోర్టు తేలుస్తుంది. కానీ ఒక ప్రభుత్వ కార్యాలయంలో కెమెరా ఆగితే ఆ క్షణానే మరోచోట గంట మోగాలి.

దృశ్యం పోతే నష్టం బాధితుడికే కాదు, నిర్దోషికీ జరుగుతుంది. వారణాసి హోటల్‌లో జరిగిన ఒక మరణం కేసులో హోటల్ సీసీ ఫుటేజీని ప్రాసిక్యూషన్ కోర్టు ముందుకు తేలేదు. 2015 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని పెద్ద లోపంగా పరిగణించి, ఇద్దరు ఇటలీ పౌరులను విడుదల చేసింది. అప్పటికి వారు జైల్లో దాదాపు అయిదేళ్లు గడిపారు.

చేయాల్సింది అసాధ్యమేమీ కాదు. కెమెరాతో పాటు డిస్కు ఎన్ని రోజులు దాస్తుందో లిఖితంగా ఇవ్వనిదే అమ్మకం జరగకూడదు. ప్రతి పోలీసు సబ్‌డివిజన్‌లో అసలు డిస్కుకు మచ్చ పడకుండా నకలు తీసే పరికరం, దాన్ని వాడటం నేర్చిన మనిషి ఉండాలి. నేరం తెలిసిన రోజే డీవీఆర్‌ను స్వాధీనం చేసుకోని దర్యాప్తు అధికారి కారణం రాసి ఇవ్వాలి. స్టేషన్ ఫుటేజీ లేదన్న ప్రతిసారీ అది స్టేషన్ అధికారికి వ్యతిరేకంగా నిలవాలి. కూడలిలో కెమెరాలు పెట్టినప్పుడు ప్రారంభించిన వారి పేరు ఫలకం మీద చెక్కిస్తున్నారు. కింద ఉన్న డీవీఆర్ పెట్టె మీద దాన్ని కాపాడాల్సిన వారి పేరు కూడా రాయండి. ఆ పేరు రాయించే దాకా చెరిగిపోయిన ప్రతి దృశ్యానికీ జవాబు చెప్పాల్సింది ప్రభుత్వమే.