మాన్యం తింటారు, కట్ట పూడ్చరా?

"ప్లగిన్ రాసింది నేను, లైసెన్సు నా ఇష్టం." ఓపెన్ సోర్సు మీద వ్యాపారం చేసే మన సాఫ్ట్‌వేర్ జనాల నోట తరచూ వినబడే మాట ఇది. నేను పనిచేసిన ఒక కంపెనీలోనైతే జీపీఎల్ కోడు తీసుకుని, పైనున్న నోటీసు చెరిపేసి, సోర్సు ఇవ్వకుండా క్లయింటుకు అమ్మేశారు. ఇదేంటని అడిగితే "ఎవడు కేసేస్తాడు లేవయ్యా" అన్నారు.

మాది కడప జిల్లా తుమ్మలపల్లె. చెరువు నీళ్ల విలువ మాకొకరు చెప్పక్కర్లేదు. సీమలో పూర్వం దశబంధం ఇనాములుండేవి. చెరువును బాగోగులు చూసేవాడికి మాన్యం ఇచ్చేవాళ్లు. మరమ్మతు మానేస్తే మాన్యానికే ఎసరు. జీపీఎల్ కూడా అంతే. వాడుకో, మార్చుకో, అమ్ముకో. కానీ పంచేటప్పుడు సోర్సూ, అవే హక్కులూ అవతలివాడికి ఇవ్వు. మాట తప్పితే రెండో వెర్షన్లోని 4వ సెక్షన్ ప్రకారం నీ హక్కులు రద్దు.

వర్డ్‌ప్రెస్ సంగతే చూడండి. థీముల్లో పీహెచ్‌పీ భాగాలకు జీపీఎల్ వర్తిస్తుందని, బొమ్మలకూ సీఎస్ఎస్‌కూ అక్కర్లేదని 2009లో సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ లా సెంటర్ చెప్పింది. థీసిస్ థీమ్ అమ్మే క్రిస్ పియర్సన్ ఒప్పుకోలేదు. 2010 జులైలో మ్యాట్ ములెన్‌వెగ్‌తో పెద్ద రచ్చే అయింది. తీరా చూస్తే వర్డ్‌ప్రెస్ కోడు ముక్కలు థీసిస్‌లో యథాతథంగా బయటపడ్డాయి! ఆ నెలలోనే పీహెచ్‌పీ భాగాన్ని జీపీఎల్ కిందకి తెచ్చాడు. దుకాణమేమీ మూతపడలేదు.

ప్రతి ప్లగిన్నూ అసలు ప్రోగ్రాములో భాగమేనా అంటారా? కాదు. విడిగా నడుస్తూ కబుర్లు మాత్రం ఇచ్చిపుచ్చుకునేది వేరు, లోపలి ఫంక్షన్లు లేనిదే కదల్లేనిది వేరు. ఆ గీత ఎక్కడన్నది కోర్టులు ఇంకా పూర్తిగా తేల్చలేదు. సరే, అక్కడ వాదించుకుందాం. కానీ ఉన్నదున్నట్టు కాపీ కొట్టినచోట వాదనేముంది?

ఇది ఉత్త కాగితమని కొట్టిపారేసేవాళ్లకు రెండు కేసులు. 2004లో హరాల్డ్ వెల్టే నెట్‌ఫిల్టర్ కోడు విషయంలో సైట్‌కామ్ మీద మ్యూనిక్ కోర్టు ఉత్తర్వు తెచ్చాడు. 2008లో జేకబ్‌సన్ కేసులో, ఉచితంగా ఇచ్చిన కోడైనా సరే, షరతు మీరితే కాపీరైట్ ఉల్లంఘనే కావచ్చని అమెరికా అప్పీలు కోర్టు చెప్పింది. మన 1957 కాపీరైట్ చట్టంలోనూ కంప్యూటర్ ప్రోగ్రాము సాహిత్య రచనే.

కాబట్టి కోడు రాసినవాళ్లు మొహమాటపడొద్దు. ముందు ఉత్తరం రాయండి, గడువివ్వండి, వినకపోతే కోర్టుకెక్కండి. డబ్బు గుంజడానికి కాదు, సోర్సు రాబట్టడానికి. అమ్ముకోవద్దని ఎవరూ అనలేదు బాబూ. మూసిపెట్టే అమ్ముకోవాలంటే మాత్రం, సొంత బావి తవ్వుకోండి.