కాఫీ గ్లాసు బోర్లించు వేళ: జంషెడ్‌పూరు తెలుగు కుటుంబములకు ఒక విన్నపము



శ్రీకాకుళము, విశాఖపట్టణము, గంజాము ప్రాంతములనుండి మన తాతలు మూటాముల్లె కట్టుకొని సువర్ణరేఖా ఖర్కాయి నదులు కలియు ఈ చోటికి వచ్చి, టాటావారి ఉక్కు కొలుముల యెదుట చెమటోడ్చి, బిష్టుపూరులో రామమందిరము నెలకొల్పుకొని, కదమాలోను సోనారీలోను బర్మామైన్సులోను కాపురములు పెట్టిన నాటినుండి మన యిండ్ల దినచర్యను సూర్యునికంటె మిన్నగా షిఫ్టే నడపుచున్నది. ఉదయము 6 గంటలకు ఏ, మధ్యాహ్నము 2 గంటలకు బి, రాత్రి 10 గంటలకు సి. పొయ్యి యెప్పుడు వెలిగింపవలెనో, పిల్లలను సద్దు చేయవలదని యెప్పుడు మందలింపవలెనో ఈ మూడక్షరములే నిర్ణయించును. ఒక్క కాఫీ మాత్రము ఏ షిఫ్టునకును లోబడక, ఇంటివాడు ఏ వేళకు వచ్చినను గుమ్మమునందే యెదురగుచున్నది. దానిని గూర్చియే ఈ విన్నపము.

నా చిన్ననాట మా నాయనగారు సి షిఫ్టు ముగించుకొని వచ్చి ఆరుంబావుకు సైకిలు గోడకు ఆనించునప్పటికి, మా అమ్మ చిక్కని డికాక్షన్ దించి, పాలు కాచి, పొగలు గ్రక్కుచున్న గ్లాసుతో వాకిట నిలిచియుండెడిది. రాత్రియంతయు సెగలో నిలిచి వచ్చిన మనిషికి అంతకంటె ప్రీతితో ఏ యిల్లాలు ఏమి ఈయగలదు? ఆయన కాఫీ త్రాగి, స్నానము చేసి, కిటికీకి దుప్పటి కట్టి పండుకొనెడివారు. పదిగంటలు కొట్టువరకు మంచము కిఱ్ఱుమనుట మాకు వినబడుచునే యుండెడిది. వీధిలో కేకలు వేయు కూరల బండివానిపైనను, వసారాలో ఆడుకొను మాపైనను ఆయన కోపించెడివారు. నిద్ర చెడుటకు మా అల్లరియే కారణమని మేమందరము చిరకాలము నమ్మితిమి. ఆ గ్లాసును శంకింపవలెనని యెవరికిని తోచలేదు.

శంకింపవలసిన కారణమిది: మనిషి మేల్కొని యున్నంతసేపు మెదడులో అడినోసిన్ అను పదార్థము కొంచెము కొంచెముగా కూడుచుండును; అది తనకై యేర్పడిన గ్రాహకములను చేరినప్పుడు, ఇక విశ్రమింపుమను వార్త దేహమునకు అందును. 1819 లో జర్మను రసాయనజ్ఞుడు రుంగే కాఫీ గింజలనుండి వేరుచేసిన కెఫీన్, రూపమున అడినోసిన్‌ను పోలియుండుటచే, ఆ గ్రాహకములలో తాను చొరబడి కూర్చుండును. వార్త ఆగిపోవును గాని అలసట తీరదు. త్రాగిన అరగంట గంటలలో కలుగు హుషారునకు కారణమింతే. కెఫీన్ తొలగిన వెంటనే, అంతవరకు వేచియున్న అడినోసిన్ అంతయు ఒక్కమారు తన చోటికి వచ్చి చేరును. అప్పుడు కలుగు నీరసమును మనము బలహీనత యనుకొని మరియొక గ్లాసు కలుపుకొందుము. ఇట్లు త్రాగిన కెఫీన్‌లో సగము తొలగిపోవుటకే సామాన్యముగా 5 గంటలు పట్టును. కొందరికి తక్కువ, కొందరికి ఎక్కువ, గర్భిణులకు మఱింత ఎక్కువ. పడకకు 6 గంటలు ముందుగా 400 మిల్లీగ్రాముల కెఫీన్, అనగా నాలుగు గ్లాసుల చిక్కని కాఫీకి సరిపడునంత, పుచ్చుకొన్నవారి నిద్ర గంటకు పైగా తగ్గినదని 2013 లో అమెరికా పరిశోధకులు ప్రకటించిరి. తెల్లవాఱి ఆరుంబావుకు త్రాగి ఏడున్నరకు పండుకొనువాని మాట వేరుగా చెప్పవలెనా?

కాఫీ మానుడని నేను కోరుట లేదు. కరగిన ఉక్కు చెంత రాత్రివేళ మెలకువ తప్పినచో ప్రాణమునకే ముప్పు. అట్టిచోట కాఫీ మేలుచేయు వస్తువే. నేను కోరునది వేళ ఒక్కటే. ఎవరి నిద్రకు వారు ఎనిమిది గంటలు ముందుగా కాఫీ గ్లాసు బోర్లింపవలెను. సి షిఫ్టువారు డ్యూటీ యెక్కునప్పుడొకటి, రాత్రి పదకొండున్నరలోపల ఒకటి త్రాగి అంతటితో ముగించుట మంచిది. ఏ షిఫ్టువారికి మధ్యాహ్నము ఒంటిగంట, బి షిఫ్టువారికి సాయంకాలము నాలుగు కడపటి వేళలు. తెల్లవాఱుజామున కన్నులు మూతపడుచుండగా ప్రమాదకరమైన పనిలో నున్నవాడు ఈ నియమమునకై తన ప్రాణమును పణము పెట్టరాదు, ఆనాటికి త్రాగవచ్చును. ఇంటికి బండి నడుపుకొని పోవలసియుండి నిద్ర ముంచుకొని వచ్చినవాడు, కాఫీని నమ్ముకొని బయలుదేరుటకంటె ఇరువది నిమిషములు కునుకు తీసి కదలుట మేలు. రోజునకు ఐదాఱు గ్లాసులకు అలవాటుపడినవారు ఒక్కమారు మానినచో తలనొప్పి బాధించును గనుక, వారమునకొక గ్లాసు చొప్పున తగ్గించుకొనవలెను.

ఇంటి యిల్లాండ్ర సంగతి మఱింత శ్రద్ధతో చెప్పవలసియున్నది. భర్తది ఏ షిఫ్టు, కుమారునిది బి షిఫ్టు అయిన యింట ఆమె నాలుగున్నరకు లేచి, రాత్రి పదిన్నరవరకు కన్ను మూయదు. నడుమ ఆమెను నిలబెట్టునది కాఫీయే. అయితే అన్నముతోను, అన్నమైన వెంటనేను త్రాగు కాఫీ టీలు ఆహారములోని ఇనుమును చక్కగా ఒంటబట్టనీయవు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఝార్ఖండులో 15 మొదలు 49 ఏండ్లవరకు గల స్త్రీలలో నూటికి అఱువదియైదుగురికి రక్తహీనత గలదు. రక్తహీనతవలన ఆయాసము, ఆయాసమునకు కాఫీ, కాఫీవలన ఇనుము మఱింత కొఱవడుట: ఉక్కునగరమున మన ఆడువారి రక్తములో ఇనుము లేకుండుట నాకు మిక్కిలి బాధ కలిగించు విషయము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 లో వెలువరించిన సూచనలలో, భోజనమునకు గంట ముందును గంట తరువాతను కాఫీ టీలు వలదనియు, దినమునకు కెఫీన్ 300 మిల్లీగ్రాములు మించరాదనియు చెప్పినది. 150 మిల్లీలీటర్ల డికాక్షన్ కాఫీలో 80 మొదలు 120 వరకు, ఇన్‌స్టంట్ కాఫీలో 50 మొదలు 65 వరకు, టీలో 30 మొదలు 65 వరకు మిల్లీగ్రాములుండును. ఈ లెక్కతో మీ యింటి గ్లాసులను లెక్కించుకొనుడు.

దేశమందంతటికి చట్టము రాకపూర్వమే, 1912 లోనే, టాటావారి యీ ఉక్కు కర్మాగారమున ఎనిమిది గంటల పనిదినము అమలులోనికి వచ్చినది. పనికి వేళ యేర్పఱచుటలో దేశమునకు ముందు నడచిన ఊరు ఇది. కాఫీకి వేళ యేర్పఱచుకొనుట దీనికి కష్టము కాదు. మన మందిరములయందును సంఘములయందును శ్రీరామనవమికి, ఉగాదికి జరుగు సాయంకాలపు సభలలో కాఫీ మాని పానకము, మజ్జిగ పంచుడని పెద్దలను వేడుచున్నాను. ప్రతి వంటయింటి గోడకు షిఫ్టు పట్టిక ప్రక్కన గ్లాసు బోర్లించు వేళను వ్రాసియుంచుడు.

డ్యూటీనుండి వచ్చువానికి వాకిట ఏదియు ఈయవలదని నేననను. మన శ్రీకాకుళపు అవ్వలు కాచిన చోడి అంబలి ఇప్పటికిని మనకు తెలిసిన వంటయే. అమ్మలారా, అక్కలారా, నేటి రాత్రి మీ యింట సి షిఫ్టు ఉన్నచో, రేపు ఆరుంబావుకు ఒక గ్లాసెడు గోరువెచ్చని అంబలితో గుమ్మములో నిలువుడు.